అన్న వాయించిన పది నిమిషాలు

పెళ్లి బరాతుల్లో సాక్సోఫోన్ వాయించే మా అన్నను ఏ పాటా చివరిదాకా వాయించనివ్వరు. చరణం సగంలో ఉండగానే ఎవరో ఒకరు "పాట మార్చు కాకా!" అని అరుస్తారు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు.

జాజ్ సంగీతం గురించి మొదట చదివింది నేను. ఇబ్రహీంపట్నం గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇంగ్లిష్ పుస్తకం, పక్కన నిఘంటువు. పదో తరగతితో చదువు ఆగిన నాకు రెండు నెలలు పట్టింది. అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు, తర్వాత ఒకడు దాన్ని వదిలి తనకు తోచిన దారిన పోతాడు, మిగతావాళ్లు అతన్ని కనిపెట్టుకుని వాయిస్తారు అని అన్నకు చెప్పాను.

"గిదేనా? ఇంట్ల రోజూ గిదే చేస్తున్న గద చెల్లె," అని నవ్వాడు.

ఆల్బమ్ చేద్దామని పట్టుబట్టిందీ నేనే. అన్న, బ్యాండులో డ్రమ్ము కొట్టే ఆయన, కీబోర్డు ఆయన. ముగ్గురూ ఒక స్టూడియోలో ఒక్క పగటిపూట ఐదు పాటలు వాయించారు. మూడో పాటలో అన్న పది నిమిషాలు ఎటో వెళ్లిపోయాడు. డ్రమ్ము ఆయన పుల్లలు మెల్లగా ఆడిస్తూ అన్న ముఖమే చూస్తున్నాడు. ఆపమని అరిచేవాడు లేడు.

వచ్చేటప్పుడు అన్న స్టూడియో యజమానితో, "మాకేం తెల్వదు, జర నువ్వే మంచిగ చెయ్యన్న," అన్నాడు.

చేశాడు. ఆల్బమ్ ఫోన్లో వచ్చేసరికి మూడో పాట మూడు నిమిషాలే. అన్న ఒంటరిగా వాయించిందంతా కోసేసి, అక్కడ చప్పట్లు అతికించాడు. అన్న విని, ఫోన్ నా చేతికిచ్చాడు.

నేను స్టూడియోకు వెళ్లాను.

"నడుమదేమైంది?"

"గది పాటేనా అక్క? తొవ్వ తప్పిండనుకున్న. గంతసేపు ఎవలింటరు?"

"తప్పలె. దాన్నే జాజ్ అంటరు. నేను చదివిన."

"చదివినవ్ తియ్. బరాతోళ్లకు జాజెందుకక్క?"

"మొత్తం పాట ఇయ్యి."

"యాడిది? కంప్యూటర్ల జాగ సాలక తీసేసిన."

తనకు అర్థం కానిది తప్పే అనుకునే మనిషి. అడగకుండా చెరిపేసే మనిషి. ఆ చెంప పగలగొట్టకుండా వచ్చినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆల్బమ్ అట్ట మీద వేయమని నేను రాసిచ్చిన అరపేజీ మాత్రం అలాగే ఉంచాడు. "నీ మాటలు మస్తున్నయక్క, ఒక్కటి గూడ ముట్టలె," అన్నాడు. అందులో నేను పొగిడిందంతా ఆ పది నిమిషాలనే! "తీసెయ్" అన్నాను. తీసేదాకా పక్కనే నిలబడ్డాను.

ఇంటికొచ్చి అన్నకు చెప్పాను.

"నీ రాతనన్న ఉండనియ్యకపోతివి చెల్లె. నేను గట్ల వాయించిన్నని చదివన్న తెల్సుకుందురు."

నేనూ అడగకుండానే తీయించానని తెలిసి, అన్న మీదే అరిచాను.