జీడిసొనతో వేసిన ముద్రలు

దొర ఇంట్లో పెళ్లంటే మా వైపు ఊళ్లకు గుండెదడ. పెళ్లికూతురి వెంట అత్తారింటికి ఎవరో ఒకరి ఆడపిల్లను పంపేవారు. పోయిన పిల్లకు బతుకంతా అక్కడే వెట్టిచాకిరీ. ఆ ఏడు దొర ఊళ్లోని చాకలామె ఒక్కగానొక్క కూతురిని పంపమని దొర ఉండే గడీ నుంచి కబురొచ్చింది.

నేనప్పుడు సంఘం మనిషిని. వెట్టి చెయ్యొద్దని ఊరూరా చెప్పి తిరిగేవాణ్ణి. ఆ ఊళ్లో మా మేనత్త ఇంటికి చుట్టంలా వచ్చి, తాలూకా కచ్చేరికి అర్జీ రాశాను. వేలిముద్రలకు ముప్పై మంది వచ్చారు. చెమట చేతులకు నా సిరా అలుక్కుపోతోంది. చాకలామె బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజల సొన తెచ్చింది.

"గా సిరా ఏముంటది పంతులూ? గిది బట్ట చినిగినా పోదు."

"చేతులు పొక్కవా అమ్మా?"

"సున్నం రాసుకుంటే ఏం గాదు. మాకు అలవాటే."

అలవాటు ఆమెకు. మిగతావాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. చెరగని అర్జీ అని పైగా మురిసిపోయాను. చదువుకున్న మూర్ఖుణ్ణి!

మర్నాటికి అందరి బొటనవేళ్లూ నల్లబడి బొబ్బలెక్కాయి. అర్జీ సంగతి ఎలాగో విన్న గడీ మనుషులు ఎవరినీ ఏమీ అడగలేదు. బావుల దగ్గరా కల్లాల్లోనూ చేతులు పట్టి చూశారంతే. దొరికినవాళ్లందరినీ ఎండలో వంగబెట్టి వీపుల మీద బండలు పెట్టారు. నా చెయ్యీ చూశారు. నేను కలంతో సంతకం చేసినవాణ్ణి కదా, మరక లేదు. వదిలేశారు. రాసింది నేనేనని అరవాల్సింది. నడుముకు కట్టుకున్న అర్జీ చేరాలి కదా అని నోరు మూసుకున్నాను. అది బాధ్యతో పిరికితనమో నాకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నడిచి భువనగిరి కచ్చేరికి పోయి అర్జీ ఇచ్చాను. దర్యాప్తుకు దాన్ని ఆ ఊరి దొరకే పంపుతామన్నాడు గుమాస్తా.

తిరిగొచ్చేసరికి పెళ్లిబండ్లు వెళ్లిపోయాయి. పిల్లనూ తీసుకుపోయారు. చాకలామె వాగులో దొర ఇంటి పెళ్లిబట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి నిలబడింది.

"అర్జీ ముట్టిందా పంతులూ?"

"ముట్టిందమ్మా."

"మరి నా బిడ్డ ఎన్నొద్దులకు వస్తది?"

ఆమె అలాగే చూస్తూ ఉంది. ఆ చూపు తట్టుకోలేక పది రోజులన్నాను.

ఆమె తడిచేతులెత్తి నాకు దండం పెట్టింది.