గుంటూరు గ్లాసు

మా బీరు బృందంలో ఎవరికీ పేర్లు లేవు, ఊళ్లే ఉన్నాయి. బెంగళూరు, లూధియానా, కలకత్తా, గుంటూరు. గుంటూరంటే నేను. ఆదివారం మధ్యాహ్నాలు గుర్గావ్‌లో ఒక బ్రూవరీ మేడ మీద పొడుగు బల్ల చుట్టూ చేరతాం. కింద అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో వాళ్లు బీరు తయారుచేస్తారు, పైన మేం దాని గురించి మాట్లాడతాం. తాగడం కన్నా మాట్లాడడమే ఎక్కువ. షాపులో సీసా బీరు కొనుక్కు తాగేవాళ్లంటే మాకు చులకన. ఆ బల్ల దగ్గర కిటికీ పక్క కుర్చీ నాది, ఇప్పటికీ నాదే. దాన్ని ఎలా నిలబెట్టుకున్నానో చెబుతాను.

బెంగళూరు మా పెద్ద. నిజానికి ఆయన పుట్టిందీ పెరిగిందీ మీరట్‌లో. బెంగళూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, వచ్చేటప్పుడు ఒక గడ్డాన్నీ, హాప్స్ మీద బోలెడు అభిప్రాయాలనూ వెంటబెట్టుకొచ్చాడు. హాప్స్ అంటే బీరుకు చేదునిచ్చే పువ్వులు. ఎంత చేదు తట్టుకుంటే అంత నాగరికత అని ఆయన సిద్ధాంతం. దాని ప్రకారం పంజాబీలకు నాలుకే లేదు, కిక్కు ఎక్కితే చాలు. బెంగాలీలకు బీరు కన్నా పక్కనొచ్చే చేపల వేపుడు ముఖ్యం. ఢిల్లీవాళ్లు అరటిపండు వాసనొచ్చే గోధుమ బీరు దగ్గరే ఆగిపోయారు. ఇక బెంగళూరును మినహాయించి మిగిలిన దక్షిణాది అంతటికీ స్ట్రాంగ్ బీరు తప్ప మరొకటి ఉందని తెలియదు. ఇవన్నీ ఆయన నవ్వుతూ అంటాడు. నవ్వుతూ అంటాడు గనక మేమూ నవ్వాలి.

నేను తక్కువ తిన్నవాణ్ణేం కాదు. లూధియానా భారీ మనిషి, ట్రాక్టర్ల విడిభాగాల వ్యాపారం. నురగ మీసాలకంటించుకుని "బడా స్మూత్ హై" అన్నప్పుడల్లా నాకు కుడితి తొట్టిలో మూతి పెట్టిన గేదె గుర్తొచ్చేది. కలకత్తా ఒక బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నాడు. గ్లాసు లైటుకు ఎత్తి పట్టుకుని దాని రంగు మీద మాట్లాడుతూ కూర్చునేవాడు, ఈలోగా బీరు వేడెక్కిపోయేది. ఆయన జన్మలో చల్లటి బీరు తాగి ఉండడని నా నమ్మకం. ఈ మాటలు నేను పైకి అనేవాణ్ణి కాదు, అంతే తేడా. బెంగళూరు అంటుంటే మాత్రం హాయిగా ఉండేది.

ఆ బల్ల నాకు ఎందుకంత అవసరమో కూడా చెప్పాలి. నా భార్య ఉద్యోగం హైదరాబాదులో, పాప చదువూ అక్కడే. నేను ఢిల్లీ ద్వారకలో ఒక సొసైటీ ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటాను. శనివారం బట్టలతో గడిచిపోతుంది, ఆదివారం గడవదు. ఇక్కడి తెలుగువాళ్ల సంఘానికి ఒకటి రెండుసార్లు వెళ్లాను. వడలు బాగున్నాయి, మాటలన్నీ శంకర్‌పల్లి ప్లాట్ల రేట్లు. ఈ బ్రూవరీలో మొదటిసారి నల్ల బీరు రుచి చూసినప్పుడు, మాడు వాసన, కాఫీ చేదు, చివర్లో సన్నటి తీపి, చాలా కాలం తర్వాత సంతోషమనిపించింది. దాని గురించి మాట్లాడాలనిపించింది. మాట్లాడే మనుషులు ఈ బల్ల దగ్గరే ఉన్నారు.

అయితే ఊరికే కూర్చోనివ్వరు. మా బృందానికి ఒక ఆచారముంది, దాని పేరు 'ఘర్ కా గ్లాస్', అంటే ఇంటి గ్లాసు. కొత్తగా వచ్చినవాళ్లకు రెండో ఆదివారం వాళ్ల ఊరి పేరు మీద ఒక గ్లాసు కలుపుతారు. మొహం చిట్లించకుండా ఖాళీ చేస్తే మనవాడు. లూధియానాకు బీరులో లస్సీ పోసి పైన వెన్నముద్ద వేశారట, పాపం బాత్‌రూమ్‌కు పరుగెత్తాడట. కలకత్తాకు ఆవముద్ద, చేప పులుసు. బెంగళూరుకు ఏం పోశారని ఒకసారి అడిగాను. ఈ ఆచారం మొదలుపెట్టిందే ఆయన కాబట్టి ఆయనకెవరూ ఏమీ పొయ్యలేదు.

నా విషయంలో వాళ్లకు ఆలోచించాల్సిన పనే లేకపోయింది. గుంటూరంటే మిరపకాయ. ఇక్కడ ఒక సంగతి ఉంది. నేను కారం తినలేను. చిన్నప్పటినుంచీ అంతే. మా అమ్మ కూరలో కారం వేసేముందు నాకు విడిగా కాస్త తీసి పక్కన పెట్టేది. పెళ్లిళ్లలో నేను పెరుగన్నం కలుపుకుంటుంటే మా బాబాయిలు "వీడు మనవాడేనంట్రా?" అని విస్తళ్ల మీదుగా నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వుకు దూరంగా వెయ్యి మైళ్లొచ్చాననుకున్నాను. కారం పడదని మొదటి ఆదివారమే ఇక్కడ అందరికీ చెప్పాను. అంత పెద్ద జోకు ఆ మేడ మీద అంతకుముందు పేలలేదు. లూధియానా బల్ల మీద చరిచి మరీ నవ్వాడు.

రెండో ఆదివారం నా గ్లాసు వచ్చింది. లోపల పచ్చిమిరపకాయల ముద్ద, అంచు చుట్టూ ఎర్రకారం, పైన తేలుతూ ఒక ఇడ్లీ ముక్క. ఆ ఇడ్లీ కోసం కలకత్తా పొద్దున్నే ఒక టిఫిన్ సెంటర్‌కు వెళ్లి పార్శిల్ తెచ్చాడు. అంత శ్రద్ధ. ఫోన్లన్నీ నా మొహం మీదకు తిరిగాయి. తాగాను. గొంతులోంచి నిప్పు దిగినట్టయింది, చెవులు దిబ్బళ్లు పడ్డాయి, కళ్లమ్మట నీళ్లు. నవ్వుతూనే ఉన్నాను. ఆ రాత్రంతా పొట్ట పట్టుకుని దొర్లాను. పై వారం నుంచి కిటికీ పక్క కుర్చీ నాదైంది.

తర్వాత చాలా రోజులకు నిజామాబాద్ వచ్చింది. అమ్మాయి, వయసులో నా కన్నా బాగా చిన్నది. నోయిడాలో ఉద్యోగం, ఇందిరాపురంలో స్నేహితురాళ్లతో అద్దె ఇల్లు. మొదటి ఆదివారం నన్ను చూడగానే "మీరు తెలుగోళ్లా అన్నా?" అని మొహమంతా నవ్వుతో అడిగి, వచ్చి నా పక్కనే కూర్చుంది. మిగతావాళ్లతో పొడిపొడిగా ఇంగ్లీషు, నాతో తెలుగు. ఏం తాగుతావంటే లాగర్ అంది. లాగరంటే రంగూ హంగూ లేని మామూలు బీరు. చేదూ పండ్ల వాసనా ఏమీ వద్దు, బీరు బీరులాగా ఉంటే చాలనుకునేవాళ్లు తాగేది. మా దృష్టిలో అంతకన్నా నేరం లేదు. బెంగళూరు కళ్లు మూసుకుని "తెలంగాణ" అని నిట్టూర్చాడు. నేనూ నవ్వాను. ఆ పిల్ల ఇబ్బంది పడకుండా తన లాగర్ తాను తాగి, చాలా బాగుందంది.

ఆమె గ్లాసు ఎలా ఉండాలో నన్నే చెప్పమన్నారు. "గుంటూరూ, మీ అమ్మాయే కదా, తూ బతా." హైదరాబాద్ బిర్యానీ అని వాళ్లే అందుకున్నారు. నిజామాబాద్ వేరు, హైదరాబాద్ వేరు అన్నాను. ఒకటేలే అన్నారు. అంతకన్నా వాదించలేదు. బిర్యానీ గ్లాసు ఖాయమైంది. ఆమెకు ముందుగా ఒక మాట చెప్పొచ్చు. చెప్పలేదు.

రెండో ఆదివారం గ్లాసు వచ్చేసరికి ఆమె నాతో ఏదో ఆఫీసు కబురు చెబుతోంది. గోధుమ బీరులో మసాలా గ్రేవీ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలూ పుదీనా చల్లి, పక్కన ఒక ఎముక నిలబెట్టారు. నూనె తెట్టెలు కట్టి ఉంది. అందరూ బల్ల మీద దరువు వేస్తున్నారు. ఆమె వాసన చూసి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా నా వైపు తిరిగింది.

"ఇదేంది అన్నా?"

"ఇక్కడి పద్ధతమ్మా. కొత్తగా వచ్చినోళ్లు తాగాలి."

"మీరు తాగిన్రా?"

"తాగాను."

"ఎందుకు?"

"అందరూ తాగారు."

"అందర్ని అడుగుతలేను అన్నా. మీరెందుకు తాగిన్రు?"

దరువు ఆగింది. "క్యా బోల్ రహీ హై?" అన్నాడు బెంగళూరు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఇందులో ఏమేం వేశారని అడుగుతోంది అని హిందీలో చెప్పాను. మళ్లీ నవ్వులు.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత వాళ్ల వైపు తిరిగి, నా హిందీ కన్నా ఎంతో శుభ్రమైన హిందీలో, "నహీ భయ్యా, యే మై నహీ పియూంగీ" అంది. గొంతులో కోపం లేదు. వెయిటర్ని తనే పిలిచి గ్లాసు తీసెయ్యమంది, ఒక లాగర్ తెమ్మంది. అతను తీసుకెళ్లాడు. లాగర్ తెచ్చాడు. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు.

లూధియానా మొహం చూడాలి. వెన్నముద్ద మింగి బాత్‌రూమ్‌కు పరుగెత్తిన మనిషి, వద్దంటే సరిపోయేదని అప్పుడే తెలిసిన మొహం. కలకత్తాకు ముందుగా కోపం వచ్చింది. "మేమంతా తాగాం కదా! మేమేమన్నా పిచ్చివాళ్లమా?" అన్నాడు ఇంగ్లీషులో. ఆయన అంత కోపంగా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఒళ్లు మండింది. కోపం బెంగళూరు మీద కాదు, ఆ పిల్ల మీద.

బెంగళూరు తెలివైనవాడు. చప్పట్లు కొట్టి, "కోయీ బాత్ నహీ! ఎలా తాగాలో గుంటూరు చూపిస్తాడు. ఏక్ గుంటూర్ స్పెషల్ లావో!" అన్నాడు. బల్లంతా ప్రాణం లేచొచ్చినట్టు ఊగిపోయింది. గుంటూర్, గుంటూర్ అని మళ్లీ దరువు. ఎలా వద్దనాలో ఇప్పుడే, నా పక్కనే, నా కళ్ల ముందే చూశాను. రెండు మాటలు. హిందీలో కూడా చిన్నవే.

గ్లాసు వచ్చింది. ఈసారి ఇడ్లీ దొరకలేదు. వంటింటివాళ్లు కారం మాత్రం రెట్టింపు చేశారు. పక్కన ఆమె లాగర్ ముట్టుకోకుండా నన్నే చూస్తోంది. నేను అటు చూడకుండా ఎత్తాను. సగంలో దగ్గొచ్చింది, ముక్కులోంచి మంట. నవ్వు వదల్లేదు. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాను. లూధియానా లేచొచ్చి నన్ను కావలించుకున్నాడు.

సాయంత్రం మెట్రో స్టేషన్ దగ్గర ఆమె ఒక కొట్టు ముందు ఆగి, చల్ల ప్యాకెట్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. "తాగుండ్రి అన్నా. కడుపుల మండుతుంటది." నేను పళ్లతో ప్యాకెట్ చింపుకుని తాగాను. సిగ్గు వేసింది, ఆ సిగ్గుకు కోపం వచ్చింది.

"హిందీ వచ్చని ముందే చెప్పొచ్చుగా?" అన్నాను.

"నిజామాబాదోళ్లకు హిందీ రాదా అన్నా?" అంది. "మీరు మాట మార్చి చెప్పిన్రు. మర్యాదకు చెప్పిన్రనుకున్న. మీరున్నరనే ధైర్యం జేసిన. ఒక్కదాన్నే అయితే నేను గూడ తాగుదునేమో. ఇద్దరం ఉంటిమి గద."

"నీకేమ్మా, వచ్చే వారం నుంచి నువ్వు రాకపోయినా నీకేం పోదు. నాకిది కాక ఇంకేవుంది?" అన్నాను. అరిచినట్టే అన్నాను, కొట్టు ముందు క్యూలో వాళ్లు తిరిగి చూశారు. ఆమె ఖాళీ ప్యాకెట్ నా చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో వేసి, స్టేషన్ మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ రాత్రి బెంగళూరు ఆమెను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. కలకత్తా బొటనవేలు పెట్టాడు, లూధియానా పెట్టాడు, నేనూ పెట్టాను. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఇంతవరకు చెయ్యలేదు, ఆమే చెయ్యాలని ఎదురుచూడడమూ లేదు.

ఆదివారాలు మామూలుగా జరుగుతున్నాయి. నల్ల బీరు ఎలా ఉందని ఎవరన్నా అడిగితే బాగుందంటాను. కారానికి నాలుక మొద్దుబారిందో ఏమో, ఆ చివరి తీపి ఈమధ్య నాకు అందడం లేదు. ఆచారంలో ఒక్క మార్పు వచ్చింది. కొత్తవాళ్లకు గ్లాసు ఇచ్చేముందు నా గ్లాసు తెప్పిస్తారు, వాళ్లు భయపడి వద్దనకుండా ఎలా తాగాలో చూపించడానికి. నేను ఇంట్లోనే గ్లాసెడు చల్ల తాగి బయల్దేరతాను. వెళ్లేసరికి ఎంతమంది ఉన్నా కిటికీ పక్క కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచుతారు.