రెండో డ్రమ్ము నీళ్లు

పదమూడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. అన్నం దిగుతుంది, కాఫీ దిగుతుంది, నలుగురిలో ఉంటే నవ్వు కూడా వస్తుంది. నీళ్లు తాగేటప్పుడు మాత్రం అది తగులుతుంది. ఎవరింటికైనా పోతే ముందు చెంబుతో నీళ్లు ఇస్తారు కదా, అప్పుడు. నా భార్యకు చెప్పలేదు. మా నాయన పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. పేరు రాయను. ఊరి పేరు కూడా వద్దు. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, రైలు ఆగని ఊరు అనుకోండి చాలు.

ముందు కారు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. చెప్తే క్షమిస్తారని కాదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. ఇంటికి ఒక్కడే కొడుకును, నేల బాగా ఉంది, పని తక్కువ. బెంగళూరులో ఒక తెల్లదొర ఇంగ్లండుకు వెళ్లిపోతూ తన పాత స్పోర్ట్స్ కారు అమ్మేస్తే తెచ్చుకున్నాను. యుద్ధానికి ముందుది. రెండే సీట్లు, పైన టాపు లేదు, పొడుగాటి బానెట్, నల్లగా కనిపించే ముదురాకుపచ్చ రంగు. మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇద్దరు కూకుంటే ఒక మూట శెనక్కాయలకు జాగా లేదు. ఇదేం బండప్పా?" అన్నాడు. ఆయన ఏ బండినైనా మూటలతోనే కొలిచేవాడు.

నాకు ఆ కారు నడపడంకంటే కడగడం ఇష్టం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. వారానికి ఒకసారి దొడ్డి కొట్టంలో నిలబెట్టి, ముందు ఈక కుచ్చుతో దుమ్ము దులిపేవాణ్ణి. తడి చేయకముందే గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే రంగును గీరేస్తుంది. తరువాత పైనుంచి కిందికి నీళ్లు. చక్రాలకు సైకిలు చక్రాల మాదిరి ఊచలుండేవి. పాత పంచె పీలికలు చేసి ఒక్కో ఊచ చుట్టూ తిప్పి తుడిచేవాణ్ణి. అన్నీ అయ్యాక మెత్తటి తోలుగుడ్డతో తడి ఒత్తి, మైనం పాలిష్ రాసి, అది ఆరి తెల్లగా పొర కట్టేదాకా ఆగి, నా మొహం కనపడేదాకా రుద్దేవాణ్ణి. ఆ మొహం చూసుకోవడానికే అంత పాటు పడ్డానేమో. ఇప్పుడనిపిస్తుంది.

సీట్లు మాత్రం చిరిగిపోయి ఉండేవి. వాటిని మళ్లీ కుట్టింది యేసురత్నం. ఊరికి దక్షిణంగా, వాగు పక్కన కిరస్తానం వాళ్ల ఇళ్లు ఉండేవి. అక్కడి మనిషి. ఎద్దులతో బావినీళ్లు తోడే మా కపిల బానలకు తోలు కుట్టేది అతనే, మా చెప్పులు కుట్టేది అతనే. సీట్లు ఊడదీసి దొడ్డి వాకిట్లో పెడితే, తొమ్మిది రోజులు నేలమీద కూర్చొని కుట్టాడు. కుట్లన్నీ ఒకే పొడుగు, ఒక్కటి వంకర లేదు. పని అయ్యాక అరచేత్తో నొక్కి చూసి, "మెత్తగా ఉంటాది సామీ, కూకున్నెట్లే తెలీదు" అన్నాడు. చేత్తోనే నొక్కి చూశాడు. కూర్చొని చూడు అని నేను అనలేదు.

ఆ ఏడు వానలు లేవు. అంతకుముందు ఏడూ లేవు. మా ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లే. తాగడానికి పనికొచ్చే నీళ్లు మా దొడ్డి బావిలో ఒక్కదాంట్లోనే ఉండేవి. ఊరంతా అక్కడే ముంచుకునేవారు. యేసురత్నం వాళ్లు మాత్రం ముంచుకోకూడదు. వాకిలి బయట కడవ పెట్టి దూరంగా నిలబడితే మేం తోడి పోయాలి. అది కట్టుబాటు. తప్పని అప్పుడు నాకు తోచలేదు. మా నాయనకూ తోచలేదు గానీ, ఆయనకు ఇంకొక నియమం ఉండేది. అడిగినవాళ్లకు నీళ్లు లేవనకూడదు. ఇంట్లో వాళ్లకు తగ్గినా సరే, వాకిట్లో కడవ ఖాళీగా తిరిగిపోకూడదు.

ఉప్పునీళ్లతో కారు కడిగితే ఏమవుతుందో తెలుసా మీకు? ఆరాక తెల్లటి మచ్చలు పడతాయి. ముదురు రంగు మీద అయితే పొక్కుల్లా కనిపిస్తాయి. ఎంత రుద్దినా పోవు. నాకు అదే దిగులు. ఊరికి నీళ్ల దిగులు, నాకు మచ్చల దిగులు.

హిందూపురంలో నా స్నేహితుడి పెళ్లి. పెళ్లికొడుకు ఊరేగింపు నా కారులోనే అని మాటిచ్చాను. అమ్మా నాయనా ధర్మవరంలో మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలకు పోయి ఉన్నారు. ఇంట్లో నేనే పెద్ద. బావిలో రోజంతా ఊరే నీళ్లు ఆ రోజుల్లో రెండు డ్రమ్ములకు మించి ఉండేవి కావు. రేపు బావిలో పూడిక తీయిస్తున్నాను, ఎవరూ నీళ్లకు రావద్దని ముందురోజే ఊళ్లో చెప్పించాను. తెల్లవారుజామునే లేచి, అడుగు బురద కనిపించేదాకా తోడి రెండు డ్రమ్ములూ నింపుకున్నాను. కొట్టంలో కారు వెనక పెట్టి గోనెపట్టలు కప్పాను. గోనెపట్టలు ఎందుకు కప్పాను? ఎండకు ఆవిరైపోతాయనా? చేసేది తప్పని తెలిసే కప్పాను.

ఈక కుచ్చుతో దుమ్ము దులుపుతుంటే దొడ్డి వాకిట్లో కడవ చప్పుడైంది. యేసురత్నం భార్య మార్తమ్మ. ఎండకు మొహం వాడిపోయి ఉంది. లోపలికి రాలేదు.

"ఒక్క కడవ మంచినీళ్లు పోయండి సామీ. ఆయప్పకు రేత్రి నుంచి వాంతులు, బేదులు. ఉప్పునీళ్లు పోస్తే పోసినట్లే కక్కుతాండాడు."

"బాయిలో నీళ్లు లేవు మార్తమ్మా. అడుగు కనపడతాండాది."

"ఒక్క సెంబన్నా, సామీ."

"లేవంటాండా కదా. రేపు పొద్దున రా."

నేను బానెట్ మీద లేని దుమ్మును దులుపుతున్నాను. "అట్లనా సామీ," అంది. "వాన దేవుని చేతిలో ఉండాది, మీరేం చేస్తారు." కడవ ఎత్తుకొని వాగు వైపు పోయింది. అక్కడ ఇసుకలో చెలమ తవ్వి, బురదనీళ్లు గుడ్డలో వడపోసి తీసుకుపోయిందట. అది తరువాత విన్నాను.

ఒకటి చూడండి. బావి దాకా వచ్చి తొంగి చూసే హక్కు ఆమెకు లేదు. కొట్టంలోకి అడుగు పెట్టే హక్కూ లేదు. నా అబద్ధానికి మా కట్టుబాటే కాపలా కాసింది. ఇంకెవరితోనైనా ఆ మాట అని ఉంటే వచ్చి చూసేవాళ్లు. ఆమెతో అన్నాను కాబట్టి చెల్లింది.

పైగా బావిలో నీళ్లు లేవన్న మాట నిజమే కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. బావిలో లేవు. నేనన్నది అదే. ఎంత తెలివో చూడండి.

ఇంతవరకైతే ఆశపోతుతనం. దాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనైనా చెప్పుకుని ఉండేవాణ్ణి. అసలు చెప్పలేకపోయింది దీని తరువాతది.

కారు కడగడానికి ఒక డ్రమ్మే సరిపోయింది. ఊచలతో సహా, అడుగుభాగంతో సహా. రెండో డ్రమ్ము నిండుగా అట్లాగే ఉంది. దాని ముందు నిలబడ్డాను. పాలేరును పిలిచి నాలుగు కడవలు యేసురత్నం ఇంటికి పంపు అంటే ఐపోయేది. కానీ ఏమని పంపను? ఇప్పుడే లేవన్నాను కదా. ఇంతలో ఎక్కడివి అని పాలేరు అడగడూ? అటు మార్తమ్మ కూడా అదే అనుకోదూ? ఊళ్లో మాట పుట్టదూ? మా నాయన తిరిగి వచ్చాక ఆయన చెవిన పడదూ? కుడితి తొట్టిలో పోస్తే పశువులైనా తాగుతాయనుకున్నాను. అదీ పాలేరు చూస్తాడు. తరువాత చెంబు తీసుకొని, కడిగిన కారునే మళ్లీ కడిగాను. శుభ్రంగా ఉన్న కారు మీద చెంబు తరువాత చెంబు, డ్రమ్ము అడుగు తగిలేదాకా పోశాను. ఆ నీళ్లన్నీ కొట్టం గోడ కింది తూములోంచి పోయి ఇంకిపోయాయి. తరువాత తోలుగుడ్డతో ఒత్తి, మైనం రాసి, రుద్దాను. ఒక్క మచ్చ లేదు.

ఆ సాయంత్రం హిందూపురం బజారులో ఊరేగింపు. లైట్ల కింద కారు ధగధగ మెరిసింది. చాలామంది తాకి చూశారు. నేను నవ్వుతూనే ఉన్నాను.

మరుసటిరోజు బాగా పొద్దెక్కాక ఇంటికొచ్చాను. యేసురత్నాన్ని తెల్లవారుతూనే ఎద్దులబండిలో పెనుకొండ ఆసుపత్రికి బయలుదేరదీశారనీ, కొండ కనపడే మలుపు దగ్గరే ప్రాణం పోయిందనీ పాలేరు చెప్పాడు. ఆ ముందురోజు మధ్యాహ్నం నా కారు ఇంట్లోనే ఉంది కదా, అందులో తీసుకుపోయి ఉండొచ్చు కదా అని మీరు అడుగుతారు. నిజం చెప్తున్నాను, ఆ ఆలోచనే నాకు రాలేదు. అతన్ని ఆ సీట్లో కూర్చోబెట్టడం అనేది నా బుర్రకు తట్టనే లేదు. ఆ సీటు కుట్టింది అతనే.

నాలుగు కడవల నీళ్లుంటే బతికేవాడా? పెనుకొండ డాక్టరును ఒకసారి ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. ఆ జబ్బులో ఒంట్లో నీళ్లు పోవడమే ప్రమాదం, తాగించగలిగితే కొందరు నిలబడతారు, కొందరు నిలబడరు అన్నాడు. కొందరు. ఆ మాట పట్టుకొని కొన్నాళ్లు హాయిగా నిద్రపోయాను. అదే మాట పట్టుకొని కొన్నాళ్లు నిద్ర లేకుండా ఉన్నాను.

నాయన ధర్మవరం నుంచి వచ్చి సంగతి విని, "బాయి కూడా ఆ పొద్దే ఎండల్నా, పాపం" అన్నాడు. ఆయన కంచంలో చేయి కడుక్కుంటుంటే చూడలేక బయటికి పోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేవాడు ఆయన ఎప్పుడూ. నేను తొక్కిన అడుసును నీళ్లతో కడిగేశాననుకున్నాను.

కారును రెండేళ్ల తరువాత అమ్మేశాను. కొన్నవాడు సీట్లు నిమిరి చూసి ఎవరు కుట్టారని అడిగాడు. మా ఊరాయనే అన్నాను. పేరు చెప్పలేకపోయాను.

పోయిన ఎండాకాలం ధర్మవరం పోయాను. మార్తమ్మ ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంది. చెప్పేయాలనే పోయాను. రైల్లో మాటలన్నీ కూర్చుకున్నాను. నన్ను చూసి ఆమె కంగారుపడింది. ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేసింది. చెంబు బూడిదతో ఒకటికి రెండుసార్లు తోమి, వాళ్ల కడవలో నీళ్లు ముంచి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చేతిలోనే పట్టుకొని నిలబడింది. నేనే చేయి చాపాను.

తాగుతుంటే కూతురితో అంటోంది. "మీ నాయనకు ఆ పొద్దు నీళ్లకని ఈ సామి దగ్గరకే పోతినమ్మా. బాయిలో సుక్క లేకపాయ. ఉంటే లేదనే వంశం కాదు వాళ్లది."

చెంబు ఖాళీ చేశాను. ఆమెకు దండం పెట్టాలనిపించింది, పెట్టలేదు. పోయొస్తానని చెప్పి రైలెక్కాను.

ఆమెకు చెప్తే ఉన్న ఆ కాస్త నమ్మకం కూడా పోతుందని, అది నా మంచితనమని దారంతా అనుకున్నాను. అబద్ధం. పోయేది ఆమె నమ్మకం కాదు, నా పరువు. రెండో డ్రమ్ము ముందు నిలబడ్డవాడే ఆ రైల్లోనూ కూర్చొని ఉన్నాడు. పదమూడేళ్లలో వాడు ఒక్క అడుగు కదలలేదు. మళ్లీ పోతానా? తెలియదు. పోతానని రాస్తే అది ఇంకొక అబద్ధం కావచ్చు.

ఆమెకు చదువు రాదు. ఇది ఆమెకు చేరదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఇవ్వడానికి అది మీది కాదు. ఆ రోజు వాకిట్లో చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని ఎవరో ఒకరి ముందు ఒక్కసారైనా నా నోటితో అనాలని ఇదంతా రాశాను.

మార్తమ్మా, ఆ పొద్దు నీళ్లుండాయి. కారు ఎనకాల, గోనెపట్టల కింద. రెండు డ్రమ్ములు నిండుగా ఉండాయి.