సీటు ఎత్తుకు రెండు మార్కులు

నా కాలి లోపలి కొలత డెబ్బై మూడు సెంటీమీటర్లు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకాన్ని పైదాకా జరిపి, దాని అంచున పెన్సిలుతో గీత పెట్టి, టేపుతో మూడుసార్లు కొలిచి సగటు తీశాను. సగటు తీయాల్సిన పనే లేదు, మూడుసార్లూ డెబ్బై మూడే వచ్చింది. నాలుగోసారి బూట్లు వేసుకుని కొలిచాను. డెబ్బై ఆరు. ఆ మూడు సెంటీమీటర్ల మీద చాలా ఆశలు పెట్టుకున్నాను.

ఈ కొలతల అవసరం ఉద్యోగం వల్ల వచ్చింది. కామారెడ్డిలో పొలాలకు సోలార్ మోటార్లు బిగించే ఒక దుకాణంలో పనిచేస్తాను. ఎలక్ట్రికల్ చదివి చేరాక ఏడాది పాటు వెనక గదిలో కూర్చుని, ఇతరులు బాగుచేసిన మోటార్ల రిపోర్టులు శుభ్రంగా తిరగరాయడమే నా పని. ఎల్లారెడ్డి వైపు ఫిర్యాదులు చూసే సీనియర్ మస్కట్ వెళ్లిపోవడంతో ఆ లైను ఖాళీ అయింది. నాకు ఆ లైను ఎంత కావాలో మా సేటుకు తెలుసు. అందుకే షరతు నెమ్మదిగా, చాయ్ తాగుతూ చెప్పాడు.

"ఎల్లారెడ్డి లైన్ నీకిస్త ఇంజనీర్ సాబ్. నీ సొంత బండి ఉండాలె. ఫోనొచ్చిన్నాడు పొద్దుగూకే లోపల నీళ్లు పడాలె. ఒక్కసారి తప్పినా లైన్ ఇంకొకనికి పోతది, నువ్వు మళ్ల లోపటి గదిలకు పోతవు."

పొద్దుగూకడం అనే గడువు సేటు సరదాకు పెట్టింది కాదు. సోలార్ మోటారు ఎండ ఉంటేనే తిరుగుతుంది. పొద్దు పోయాక బాగుచేసినా, బాగైందో లేదో చూసే దారి లేదు.

మా ఇంట్లో ఉన్న ఒక్క బండి మీద బాపు రోజూ దోమకొండకు పనికి వెళ్తాడు. కాబట్టి నాకు కొత్తది కావాలి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మంచి తారురోడ్డు. ఆ తర్వాత కరెంటు లైను చేరని పొలాలకు వెళ్లాలంటే టేకు అడవిలో రాళ్లు, ఇసుక, ఒర్రెలనే చిన్న వాగులు. రోడ్డు మీద పరిగెత్తాలి, అడవి బాటలో పాకాలి. రెండూ చేసే బండి ఒక్కటే కావాలి.

మామూలు మనిషైతే నలుగురిని అడిగేవాడు. నేను కంప్యూటర్లో పట్టిక వేశాను. ఆరు బండ్లు, పద్నాలుగు గళ్లు, మొత్తం వంద మార్కులు. నేలకూ ఇంజనుకూ మధ్య ఖాళీ, బరువు, తక్కువ వేగంలో లాగే శక్తి, చువ్వల చక్రాలా కాదా, టైరు గాడుల లోతు. కంపెనీ పేర్లు కనిపిస్తే నా మనసు ఒకవైపు మొగ్గుతుందేమోనని బండ్లకు అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేర్లు పెట్టాను. అంత నిష్పక్షపాతంగా మొదలైన పని అది.

మొదటి లెక్కలో "ఈ" గెలిచింది. పొట్టిగా, బుద్ధిగా, పాలు పోసేవాళ్ల బండిలా ఉంటుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే నా మనసంతా "ఆ" మీద ఉంది. దానికి ముందు పక్షి ముక్కులాంటి మడ్‌గార్డు, ఎత్తైన నడుము. వీడియోలో ఒకతను దాని మీద ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి దూకుతాడు. కామారెడ్డి జిల్లాలో అలాంటి ఇసుక దిబ్బ ఒక్కటి కూడా లేదన్న సంగతి నాకు తెలియనిది కాదు.

"ఆ" సీటు ఎత్తు ఎనభై నాలుగు సెంటీమీటర్లు. దాన్ని ఓడిస్తున్నది ఆ ఒక్క గడే. ఆ గడికి నేనే పన్నెండు మార్కులు కేటాయించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని పన్నెండును రెండు చేశాను. మిగిలిన పదీ నేలకూ ఇంజనుకూ మధ్య ఖాళీకి ఇచ్చాను. తాడ్వాయి దగ్గర స్పీడ్ బ్రేకర్లు ఎత్తుగా ఉంటాయి కదా అని నాకు నేనే సంజాయిషీ చెప్పుకున్నాను. "ఆ" ఒకటిన్నర మార్కుల ఆధిక్యంతో గెలిచింది. ప్రింటు తీసి అమ్మకు చూపించాను.

అమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. కాగితాన్ని దూరంగా పట్టుకుని పై నుంచి కింది దాకా చూసింది.

"గిండ్ల నువ్వు యాడున్నవ్ రా?"

"నేనెందుకుంటనే? ఇది బండ్ల పట్టిక."

"తోలేది నువ్వే గదా," అని కాగితం తిరిగిచ్చి కత్తెర అందుకుంది.

షోరూంలో బండిని నున్నటి సిమెంటు నేల మీద, గట్టు పక్కన నిలబెట్టి చూపించారు. గట్టు మీద ఎడమ కాలు పెట్టి దర్జాగా కూర్చున్నాను. అమ్మే అతను నా కుడి కాలు గాలిలో ఊగడం గమనించాడు.

"కాలు అందుతలేనట్టుంది గదా అన్న?"

"టెక్నిక్ ఉంటది," అన్నాను. ఆగేటప్పుడు సీటు మీద ఒక పక్కకు జారి ఒక్క కాలి మునివేళ్లు ఆనిస్తే చాలని అతనికే వివరించాను. అతను ఇక వాదించలేదు. తాళం చేతిలో పెట్టాడు.

బండి పూజ గుడి ముందు జరిగింది. రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. బాపు పట్టుకుంటే ఎక్కాను. పంతులు ముందుకు పోనివ్వమన్నాడు, పోనిచ్చాను, నిమ్మకాయలు చితికాయి. అంతవరకు అన్నీ సవ్యంగా ఉన్నాయి. అప్పుడు బాపు, "ఆగు, నంబర్ ప్లేటుకు బొట్టు పెట్టలే," అన్నాడు. ఆగాను. నిలిచిన బండి ఎత్తు వల్ల చాలా నెమ్మదిగా పడుతుంది కాబట్టి చూసేవాళ్లకు బోలెడంత తీరిక దొరుకుతుంది. అమ్మ ఆ తీరికలో హారతి పళ్లెం పక్కకు జరుపుకుంది.

బాపు బండిని లేపుతూ, "దేవునికి సాష్టాంగం పెట్టింది తియ్. నీకంటె దానికే భక్తి ఎక్కువున్నది," అన్నాడు.

ఇక్కడ బుద్ధి రావాల్సింది. నాకు వచ్చింది మరో జాబితా. వరుసగా రెండు ఆదివారాలు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయి వస్తూ, ఎడమ కాలు ఆనించుకోవడానికి వీలైన చోట్లన్నీ ఫోనులో గుర్తు పెట్టుకున్నాను. కిలోమీటరు రాళ్లు, కల్వర్టు గోడలు, లింగంపేట బస్ షెల్టర్ అంచు. మొత్తం ముప్పై ఒక్క చోట్లు తేలాయి. తాడ్వాయిలో ఒక చాయ్ హోటల్ మెట్టు వాటిలో శ్రేష్ఠమైనది. దాన్ని నాలుగోసారి వాడుకున్నప్పుడు హోటలాయన బయటికి వచ్చాడు.

"చాయ్ తాగవు, నీళ్లు తాగవు. కాలు పెడ్తవు, పోతవు. ఏమన్న మొక్కున్నదా తమ్మీ?"

ఆ రోజు రెండు చాయ్‌లు తాగాను.

మొదటి ఫిర్యాదు యాసంగి వరి నాట్లప్పుడు వచ్చింది. ఎల్లారెడ్డి దాటాక అడవిలో ఒక అవ్వ పొలం. నాటు వేసి నాలుగు రోజులు, మోటారు ఆగిపోయి రెండు రోజులు. పొద్దున పదకొండుకు ఫోను ఎత్తిన సేటు నా వైపు చూసి, "నాటు ఎండిపోతున్నదట. పో," అన్నాడు. సీనియర్ అయితే సంచి భుజాన వేసుకుని అదే నిమిషంలో బయలుదేరేవాడు. నేను పనిముట్లను జాబితాతో రెండుసార్లు సరిపోల్చుకున్నాను. ఇరవై ఆరు వస్తువులు. బయలుదేరేసరికి పన్నెండయింది.

తారురోడ్డు మీద బండి అద్భుతంగా పోయింది. లింగంపేట దాటాక బర్రెల మంద అడ్డం వచ్చింది. నా జాబితాలోని రెండు రాళ్లకు సరిగ్గా మధ్యలో. ఆ రోజు మొదటిసారి అక్కడ పడ్డాను. బర్రెలు కాసేవాళ్లు ఇద్దరు వచ్చి బండిని లేపి, నన్ను ఎక్కించి, వెనక నుంచి నెట్టి మరీ సాగనంపారు. అడవి బాట ఎక్కాక ఒర్రె ఇసుకలో రెండోసారి. మోకాలు చీరుకుపోయింది. ఈసారి లేపడానికి ఎవరూ లేరు. వీడియోలో చెప్పినట్టు బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, వెనక్కి నడిచి లేపాను. బండి అద్దం ఒకటి విరిగి సంచిలోకి వెళ్లింది. వాలు మీద మూడోసారి పడ్డప్పుడు లేవకుండా కాసేపు బండి పక్కనే కూర్చున్నాను. ఆకాశం వైపు చూస్తే పొద్దు వాలుతోంది. ఆ పూట నా ఉద్యోగం ఎంత ఎత్తులో ఉందో అక్కడి నుంచి స్పష్టంగా కనిపించింది.

మూడుంబావుకు అవ్వ ఊరి చివర చేరాను. అవ్వ చేతిలో పారతో బండరాయి మీద కూర్చుని ఉంది.

"మోటర్ సారువు నువ్వేనా? పొద్దుట్ల సంది ఎదురు సూస్తున్న. బట్టలన్ని గా మట్టేంది?"

"మూడుసార్లు కింద పడ్డనవ్వా. పొలం యాడ?"

"ఒర్రె దాటి మైలు దూరం. జర్రంత ఆపు, ఎక్కుత."

"వద్దవ్వా, పడతం."

"పడితె లేస్తం. నేను నడిచేసరికి పొద్దు గూకుతది," అని బండరాయి మీద నుంచే వెనక సీటు మీదికి అడ్డంగా ఎక్కి, పారను ఒళ్లో పెట్టుకుని, నా భుజం పట్టుకుంది.

బండి కిందికి దిగింది. వెనక స్ప్రింగు ఆమె బరువుకు అణిగి, నా రెండు పాదాల ముందు భాగాలూ ఒకేసారి నేలకు ఆనాయి. కొన్నాక అది మొదటిసారి. స్ప్రింగు మీద బరువు వేస్తే అణుగుతుందన్నది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం. పద్నాలుగు గళ్లలో వెనక కూర్చునే మనిషికి నేను గడే పెట్టలేదు.

"ఏందిరా, పోవేంది?"

"ఏం లేదవ్వా. కాళ్లు అందినయ్."

"ఇన్నొద్దులు అందకపోతె ఎట్ల తోలినవ్?"

గేరు వేశాను. ఒర్రెలో రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ, కాకిలా గెంతుతూ అవతలి గట్టుకు చేరాం. పడలేదు.

సోలార్ ప్లేట్ల కింద ఉడుత వైరు కొరికింది. వెతకడానికి పావుగంట, అతకడానికి ఇంకో పావుగంట. ఒక అతుకు సరిగ్గా కుదరక రెండుసార్లు వేయాల్సి వచ్చింది. అవ్వ నా చేతుల వైపు కాదు, టేకు చెట్ల వైపు చూస్తోంది. పొద్దు వాటి తలల మీద ఉంది. స్విచ్ వేశాను. పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత మణికట్టు లావు ధార పోసింది.

ఆమె పార తీసుకుని కాలువ వైపు ఉరికింది. మడిలో నేల అప్పటికే సన్నగా నెర్రెలు విచ్చింది. నీళ్లు ఆ నెర్రెల్లోకి దిగి, నిండి, ముందుకు జరుగుతున్నాయి. ఎండ తగ్గేకొద్దీ ధార బొటనవేలంత అయింది, చిటికెన వేలంత అయింది, ఆగిపోయింది. పొద్దు గూకింది. మడి సగమే తడిసింది.

రిపోర్టులో "చేరిన సమయం" అన్న గడి ఉంటుంది. ఒకటి నలభై ఐదు అని రాయవచ్చు. రోడ్డు దూరం ప్రకారం చేరాల్సిన సమయం అదే. కలం పట్టుకుని చాలాసేపు ఆ గడి వైపు చూశాను. పన్నెండును రెండు చేసిన చేయి అది. చివరికి మూడుంబావు అని రాసి, ఆలస్యానికి కారణం దగ్గర "బండి ఎంపికలో నా పొరపాటు" అని రాశాను. నా రాతలో అతిచిన్న రిపోర్టు అదే.

అంతలో సేటు ఫోను. నాతో మాట్లాడకుండా అవ్వకు ఇమ్మన్నాడు. ఆయన పద్ధతి అది, పని గురించి పనివాణ్ని అడగడు. స్పీకర్లో పెట్టాను.

"నీళ్లు పడ్డయా అవ్వా?"

"పడ్డయ్. సగం మడి పారింది."

"సగమేనా? మావోడు ఎప్పుడొచ్చిండు?"

ఆమె నా చిరిగిన ప్యాంటు వైపు చూసింది. "ఎప్పుడొచ్చిండో నేను గడియారం సూడలే సేటూ. మూడుసార్లు పడుకుంట లేసుకుంట వచ్చిండట. మోటర్ అయితె మంచిగనే జేసిండు."

నా కళ్ల ముందు వెనక గది, దాని ఫ్యాను, దాని బల్ల వరుసగా కనిపించాయి.

"సగమంటే పని సగమే అయినట్టు," అన్నాడు సేటు. "పిలగాన్ని ఆడనే ఉండమను. రేపు మిగిలిన మడి పారినంక నువ్వే నాకు ఫోన్ జెయ్. అప్పుడు జెప్త లైన్ ఎవరిదో."

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లారి బండిని వాకిట్లోనే ఉంచి, అవ్వతో కలిసి పొలానికి నడిచాను. ఇరవై నిమిషాలు పట్టింది. ముందురోజు బండి మీద పట్టినంతే. ఎండ ప్లేట్ల మీద పడ్డ కాసేపటికి మోటారు తనంతట తనే మొదలైంది. మొదట చిటికెన వేలు, తర్వాత బొటనవేలు, తర్వాత మణికట్టు. అవ్వ కాలువ దగ్గర నిలబడి పారతో నీళ్లు మళ్లిస్తోంది. నేను బూట్లు విడిచి ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. చేయడానికి ఏమీ లేదు. కొలవడానికి చాలా ఉంది, కొలవలేదు.

"గీడికెళ్లి నా కండ్లకు ఆనుతలేదు," అని అరిచింది అవ్వ. "గా మూలకు పోయి సూడు, అచ్చినయా?"

ఒడ్డు వెంట చివరి మూలకు వెళ్లి వంగి చూశాను. నాటు మొదళ్ల మధ్య ఒక చిన్న నీటి నాలుక తడబడుతూ వచ్చి గట్టుకు తగిలింది.

"వచ్చినయవ్వా," అన్నాను.

ఆమె పార నేలకు గుచ్చి, కొంగు ముడిలో ఉన్న ఫోను తీసి, కళ్లు చికిలించి సేటు నంబరు వెతకడం మొదలుపెట్టింది.