మరకలక్క చేతులు

ఆ వీధిలో ఎవరి చొక్కా మీద సిరా ఒలికినా, ఎవరి దుప్పటికి తుప్పు మరక అంటినా ముందు గుర్తొచ్చేది మరకలక్కే. అసలు పేరు ఏవో కాగితాల మీద ఉండే ఉంటుంది గానీ, దానితో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కట్టుకున్న మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు "మరకలక్కగారూ" అనే అంటాడు. ముందు గదిలో ఆయన ఇస్త్రీ బల్ల, వెనక గదిలో ఆమె తొట్లు. ముప్ఫై ఏళ్లుగా ఆమె మాట్లాడుతోంది, ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. సంసారం సాఫీగానే సాగుతోంది.

ఆ ఏడాది ఆమె చేతులు మొండికేశాయి. ముందు వేళ్ల సందుల్లో దురద, తర్వాత ఎరుపు, ఆ తర్వాత పగుళ్లు. పగుళ్లలోకి సబ్బునీళ్లు దిగితే ప్రాణం విలవిల్లాడేది. అయినా పైకి చెప్పలేదు. చెప్తే పని మానమంటారని భయం. ఒకరోజు చూడటానికొచ్చిన కూతురు, తల్లి టీ గ్లాసును వేళ్లతో కాకుండా రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగడం గమనించింది. ఇక ఆమె ఎంత మొత్తుకున్నా వినకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. "బట్టలుతికే పొడి మీకు పడటం లేదమ్మా. రబ్బరు తొడుగులు వేసుకోండి, లేదంటే ఆ పొడైనా మానండి. రెండూ కుదరకపోతే పని మానేయాల్సిందే. ఈ మందు రాసుకుంటూ నెల తర్వాత మళ్లీ రండి," అంది.

తొడుగుల మాట మరకలక్క అక్కడికక్కడే కొట్టిపారేసింది. తొడుగులేసుకుని ఉతకడమంటే ముక్కు మూసుకుని పువ్వు వాసన చూడటమేనట.

"అయితే ఇక చాలమ్మా, తొట్లు ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చేయ్. నాన్నకి అక్కడే ఓ ఇస్త్రీ బల్ల వేయిద్దాం," అంది కూతురు దారిలోనే.

కూతురిల్లంటే మరకలక్కకు ఇష్టమే, రెండు రోజులకైతే. మూడోరోజు నుంచి ఆ ఇంట్లో మెషీను ముందు నిలబడి, దానికి ఉతకడం రాదని దానితోనే తగువు పెట్టుకునేది. వెనక గది మూతపడితే తాను మనిషిగా మిగలనని ఆమెకు గట్టి నమ్మకం. అందుకే, "నెల ఆగు. తగ్గకపోతే నువ్వు చెప్పినట్టే వింటా," అని మాటిచ్చింది. ఇచ్చాక ఆ రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

దారి చూపించింది ఆడపడుచు. "ఆ పొడి గొడవే వద్దు వదినా. నేను ఉన్నిబట్టలన్నీ కుంకుడుకాయలతోనే ఉతుకుతా. గింజలు తీసేసి, పెచ్చుల్ని గుడ్డసంచీలో కట్టి వేడినీళ్లలో పడేస్తే రసం అదే దిగుతుంది," అంది.

కుంకుడుకాయలంటే తల రుద్దుకోవడానికే అనుకునే మరకలక్క ముందు ముఖం చిట్లించింది. వేరే దారి లేక సరేనంది. కాయలు చితక్కొట్టి గింజలు ఏరే పని మొగుడికి పడింది. ఆ దుమ్ముకు ఆయన వరసగా తుమ్ముతూనే గిన్నె నింపాడు.

మొదటిరోజు నీళ్లు లేత గోధుమరంగుకు తిరిగాయి. గుప్పెడు నురగ లేచి, చూస్తుండగానే చప్పబడిపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మొగుడు, ఎవరో పోయిన ఇంట్లోంచి వచ్చినట్టు తలొంచుకుని వెళ్లిపోయాడు. ఆయన లెక్కలో నురగ లేకపోతే అది ఉతుకు కాదు. సాయంత్రం బ్యాంకు గుమాస్తా తన చొక్కా వాసన చూసి, "ఉతికారా, ఊరికే నీళ్లలో ముంచి తీశారా?" అని అడిగి మరీ పోయాడు.

రెండోరోజు మాత్రం ఆమె టీ తాగి వచ్చేసరికి తొట్టి నిండా తెల్లటి నురగ. మరకలక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నిన్న నీళ్లకు వేడి చాలలేదని తేల్చేసింది. వచ్చినవాళ్లనందరినీ వెనక గదిలోకి తీసుకెళ్లి మరీ చూపించింది. ఆడపడుచు వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"మా ఇంట్లో ఇందులో పావువంతు కూడా రాదు వదినా."

"సంచీ కట్టడంలో ఉంటుంది," అంది మరకలక్క. నేర్పినదానికే పాఠం చెప్పింది.

చిక్కల్లా చేతులతోనే వచ్చింది. వారం గడిచింది, రెండు వారాలూ గడిచాయి. మందు రాస్తున్నా పగుళ్లు అలాగే ఉన్నాయి, బొటనవేలి దగ్గర కొత్తది కూడా పడింది. కూతురు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాయి" అని అబద్ధమాడేది. పెద్ద తొట్టి ఎవరికిస్తే బాగా చూసుకుంటారా అని ఆలోచిస్తూ, అలా ఆలోచిస్తున్నందుకు తనను తానే తిట్టుకునేది.

పదహారో రోజు పొద్దున్న తొట్టిలో వేడినీళ్లు పోసి దిండు గలేబులు వేస్తుండగా, వీధిలో ఎవరో కర్టెన్లు తెచ్చామని పిలిచారు. వాళ్లతో ఆ మాటా ఈ మాటా చెప్పి, టీ కూడా తాగి వచ్చేసరికి తొట్టిలో మోచేతిలోతు నురగ. సంచీ పిండుదామని చెయ్యి పెట్టి వెతికింది. దొరకలేదు. తలెత్తి చూస్తే, పొడిపొడిగా, గోడ మేకుకే వేలాడుతోంది.

ఆమె చాలాసేపు ఆ సంచీని చూసింది. తర్వాత నురగను చూసింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"చొక్కా మీద ఉన్నా."

"చొక్కా ఎక్కడికీ పోదు."

ఆయన వచ్చాడు. మేకు వైపు చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండోరోజు నుంచి."

"ఎంత?"

"గుప్పెడు పొడే." కాస్త ఆగి, "దుప్పట్లయితే రెండు," అన్నాడు.

మామూలుగా అయితే వీధి చివరిదాకా వినిపించేలా కడిగేసేది. కానీ ఆ రోజు రెండు చేతులూ చాచి చూపించింది. "రోజూ లేవగానే కిటికీ దగ్గర ఈ చేతులు పెట్టి చూసుకున్నానండీ. ఇవాళైనా తగ్గాయేమోనని," అంది. అనేసరికి కన్నీళ్లు ఆగలేదు.

ఆయన తడినేల మీదే చతికిలబడ్డాడు. "ఆ బ్యాంకాయన అన్నమాట నాకు పడలేదు. ఇన్నేళ్లలో నీ ఉతుకుని వేలెత్తి చూపినవాడు లేడు. నురగ చూసి నువ్వూ సంతోషపడుతుంటే సాయం చేస్తున్నాననే అనుకున్నా. నీ చేతుల సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదే," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆమె కళ్లు తుడుచుకుని శిక్ష వేసింది. బ్యాంకు గుమాస్తా చొక్కా ఆ రోజు ఆయనే ఉతకాలి, కుంకుడు సంచీతోనే. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. సంచీ పిండాడు, అరగంట నానబెట్టాడు, కాలరు రుద్దాడు. నురగ లేని నీళ్లలోకి మురికి మసగ్గా దిగుతుంటే వంగి వంగి చూశాడు. ఆరాక ఇస్త్రీ చేస్తే బట్ట మెత్తగా లొంగింది, పెట్టె అడుగున ఎప్పుడూ గీకాల్సివచ్చే తెల్లటి పొరా పట్టలేదు. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. వెళ్లి పొడి డబ్బా పక్కింటివాళ్లకి ఇచ్చేసి వచ్చాడు.

సాయంత్రం గుమాస్తా మళ్లీ వాసన చూశాడు. "ఏ వాసనా లేదే?"

"వాసన కావాలంటే సెంటు కొట్టుకోండి. ఇక్కడ ఉతుకుతాం," అన్నాడు ఇస్త్రీ ఆయన. గుమాస్తా కాలరు తిప్పి చూసుకుని, నవ్వుకుంటూ వెళ్లాడు.

మిగిలినవి రెండు వారాలు. మరకలక్క నురగ కోసం వెతకడం మానేసి, నీళ్లలో బట్టను తడిమి చూసుకుంటూ ఉతికింది. ఆయన మాత్రం రోజూ ఆమె కంటే ముందే లేచి, ఆమె నిద్రలో ఉండగానే ఆ చేతులు చూసేవాడు. చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి గింజలు ఏరుతూ తుమ్మేవాడు.

నెల నిండిన రోజు కూతురు వచ్చింది. ఆయన కూడా షట్టరు దించి వెంట బయల్దేరాడు. డాక్టరమ్మ మరకలక్క చేతులు దీపం కిందకు లాగి చూసింది. పగుళ్లు మూసుకున్నాయి, కొత్త చర్మం లేతగా కనిపిస్తోంది.

"బాగా తగ్గాయే! పని మానేశారా?"

"లేదండీ. రోజూ ఉతుకుతూనే ఉన్నా."

"మరి ఏం మానేశారు?"

మరకలక్క పక్కకు తిరిగి మొగుణ్ణి చూసింది. "ఈయన సాయం మాన్పించానండీ," అంది.

కూతురికి అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పూర్తిగా మానేశానండీ," అన్నాడు డాక్టరమ్మతో.