కావేరమ్మ తెడ్డు కోసం ముత్తుకూరు దాకా

ఉదయం ఆరున్నరకు గూడూరు స్టేషన్లో నెల్లూరు వైపు పోయే పాసింజర్ ఎక్కాను. చేతిసంచిలో నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, ప్లాస్టిక్ కవర్లో మడత పడకుండా పెట్టుకున్న ఒక కాగితం. ఆ కాగితం కోసమే ఈ ప్రయాణం. ముత్తుకూరు అవతల సరుగుతోట పాలెం అని ఒక మత్స్యకారుల ఊరుంది. ఆ ఊరి కావేరమ్మ మీద పోలీసు కేసు పెట్టారు. గుంపులో చేరి, కర్ర పట్టుకుని పోలీసుల మీదికి వచ్చిందట. ఆ రోజు ఆ వేళకి ఆవిడ నెల్లూరు కంటి ఆస్పత్రిలో నా వార్డులో ఉంది. కంట్లో శుక్లం తీయించుకుని, కట్టు కట్టించుకుని వెల్లకిలా పడుకుని ఉంది. ఆ కట్టు కట్టింది నేనే.

నా పేరు సువార్తమ్మ. ముప్పై ఏళ్ళుగా నర్సు పనిలో ఉన్నాను. నోరు కొంచెం పెద్దదేనని మా డాక్టర్లే అంటారు. కావేరమ్మ ఫోన్ చేసి, "సిస్టరమ్మా, నేను మీకాడ ఉన్నట్టు కాగితం కావాల" అని అడిగితే, కాగితం పోస్టులో పంపి ఊరుకోవడం నా వల్ల కాలేదు. డిశ్చార్జి పత్రం నకలు మీద సంతకం, సీలు వేయించుకుని, ఆ రోజు లాఠీచార్జి మీద ముత్తుకూరులో విచారణ జరిగే రోజున సెలవు పెట్టి బయల్దేరాను.

రైలుపెట్టె నిండా నిమ్మకాయల వాసనే. ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఎక్కడికని అడిగితే విషయం చెప్పాను. "పోలీసోళ్ళ ఎవ్వారం మనకెందుకులేమ్మా" అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. మనుబోలు దాటేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ తర్వాత ఆవిడే ఒక అరటిపండు అడిగి తీసుకుంది.

నెల్లూరులో ఏడుంబావుకు దిగాను. స్టేషన్ బయట బండి మీద కారం దోసె తిని, టీ తాగి, బస్టాండుకు నడిచాను. ముత్తుకూరు బస్సులకు కొదవ లేదు. ఆడవాళ్ళకి టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోవద్దు. నేను మరిచిపోయానేమోనని సంచి అంతా గుమ్మరించి వెతికితే కార్డు అరటిపండుకు అంటుకుని బయటపడింది. కండక్టరు నవ్వి సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు.

నా పక్క సీట్లో ఒక కుర్రవాడు కూర్చున్నాడు. పైన మామూలు చొక్కా, కింద ఖాకీ ప్యాంటు. కానిస్టేబులేనా అని అడిగితే అవునన్నాడు. ముత్తుకూరులో విచారణ దగ్గర బందోబస్తుకి పోతున్నాడట. సరుగుతోట పాలెంలో లాఠీలు లేచిన రోజు కూడా డ్యూటీలో ఉన్నాడట. నేను నర్సునని చెప్పాను గానీ, ఎవరి కోసం పోతున్నానో చెప్పలేదు.

ఆ రోజు కొట్టే ముందు మైకులో హెచ్చరించారా అని అడిగాను. మైకు ఉందిగానీ దాంట్లో ఎవరైనా మాట్లాడారో లేదో వెనక వరసలో ఉన్న తనకు వినపడలేదన్నాడు. ఆ తర్వాత తనే చెప్పాడు. "కర్రలు కనిపించినాయి మేడమ్. వరసగా పేర్చి పెట్టినారు. అవి పడవ తెడ్లని తర్వాత తెలిసింది. మాది కొండల పక్క ఊరు. తెడ్డంటే దగ్గర్నుంచి నేనెప్పుడూ చూళ్ళేదు."

"చూడకపోతే అడగొచ్చు గదా నాయనా. కొట్టినాక అడిగితే ఏం లాభం?" అన్నాను. నా కొడుకు కంటే చిన్నవాడు, వాడి మీద ఎంతని కోప్పడను? కోప్పడకుండా ఉండటమూ చేతకాలేదు. ముత్తుకూరులో దిగేటప్పుడు నా సంచి అందుకుని దించి పెట్టి వెళ్ళాడు.

తొమ్మిదిగంటలకు షేర్ ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో పాలెం చేరాను. విచారణ పదకొండింటికి గనక ముందు ఊరు చూడాలనుకున్నాను. కావేరమ్మ ఆటో దగ్గరికే వచ్చింది. అరవై దాటిన మనిషి, నల్లకళ్ళజోడు పెట్టుకుని ఉంది. ముందు కన్ను చూపించమని అక్కడే నిలబెట్టి చూశాను. ఎరుపు తగ్గింది. చుక్కల మందు మానేశావా అంటే రెండు రోజులుగా కుదరలేదంది. నడిరోడ్డు మీదే చీవాట్లు పెట్టాను.

ఊరి చివర గోడ ఉంది. ఏదో గోడౌన్ల కంపెనీవాళ్ళు కట్టారు. ఒడ్డుకు పోయే దారికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేశారు. ఇదివరకు ఇళ్ళ నుంచి పడవల దాకా అయిదు నిమిషాల నడక. ఇప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి రావడానికి ముప్పావుగంట పడుతుంది. గేటు తీయమని ఊరివాళ్ళు అర్జీలు పెట్టారు. ఎవరూ పలకలేదు. గేటు ముందు తారురోడ్డు మీద మూడు రోజులు కూర్చున్నారు. పులిహోర వండుకుని తిన్నారు, వంతులవారీగా కూర్చున్నారు, పిల్లల్ని మాత్రం రానివ్వలేదు. నాలుగో రోజు పొద్దున లాఠీలు లేచాయి.

ఇక తెడ్ల సంగతి. ఈ పాలెంలో పెద్దలు కూటం, అంటే ఊరి సభ, పిలిస్తే ఇంటి యజమాని రావాలి. వేటకు పోయినవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు రాలేకపోతే వాళ్ళింటి తెడ్డు వస్తుంది. ఎవరో ఒకరు తెచ్చి నేల మీద పడుకోబెడతారు. మీరు తీర్మానించినదానికి మేం కట్టుబడి ఉంటామని దానర్థం. ఏ ఇంటిదో తెలియడానికి తెడ్డు రెక్క మీద రంగుతో పేరు రాసి ఉంటుంది. ఆ నాలుగో రోజు పడవలు చాలా వేటలో ఉన్నాయి. ఇసుకలో చేసే అలవాటే తారురోడ్డు మీదా చేశారు, రానివాళ్ళ తెడ్లు తెచ్చి వరసగా పడుకోబెట్టారు. బయటివాళ్ళకి అది ఎలా కనబడుతుందో ఒక్కరికీ తట్టలేదు. పోలీసులు తెడ్లన్నీ ఎత్తుకుపోయి మారణాయుధాలని రాసుకున్నారు. వాటి మీద పేర్లు చూసి ఆ పేర్లన్నీ కేసులో ఎక్కించారు. అంటే ఆ రోజు అక్కడ లేనివాళ్ళందరూ ముద్దాయిలయ్యారు. వింటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆర్ముగం అనే పడవ యజమాని మాతో విచారణకు బయల్దేరాడు. నలభై ఏళ్ళుంటాయి. అతని తెడ్డూ స్టేషన్లోనే ఉంది, పేరూ కేసులో ఉంది. ఆ రోజు అతను వేటలో ఉన్నాడు. అదే ఊళ్ళో కాపురమున్న అతని చెల్లెలు మాత్రం గేటు ముందు వరసలో కూర్చుంది. ఆటో ఎక్కేముందు ఆ అమ్మాయిని చూశాను. ఎడమ ముంజేతికి పిండికట్టు. ఎక్స్‌రే తెప్పించి వెలుగుకు పట్టి చూశాను. విరిగింది చిటికెనవేలి వైపు ఎముక. తల మీద పడే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకి విరిగే ఎముక అది. క్యాజువాలిటీలో పనిచేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది.

దారిలో ఆర్ముగం తన భయం చెప్పాడు. పడవ లైసెన్సు కొత్తది చేయించుకోవాలి, కేసుంటే చేయరని విన్నాడు. తెడ్డు నాది కాదని రాసిస్తే పేరు తీసేయిస్తామని స్టేషన్లో ఒకాయన అన్నాడట. నేను వెంటనే అదే మంచిదన్నాను. కావేరమ్మకీ అదే చెప్పాను. నువ్వు ఆస్పత్రిలో ఉన్నట్టు కాగితం ఉంది, తెడ్డు నీది కాదంటే ఈ పూటతో పీడ వదులుతుంది, చెక్క ముక్క కోసం కోర్టుల చుట్టూ తిరుగుతావా అన్నాను. కావేరమ్మ ఏమీ అనలేదు. సరేనన్నట్టే అనుకున్నాను.

విచారణ ఒక బడి హాల్లో పెట్టారు. రెవెన్యూ శాఖ నుంచి వచ్చిన అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఓపికగా వింటున్నాడు. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు. గోడవారగా సీలు వేసిన చీటీలతో తెడ్లు కట్టలుగా పడి ఉన్నాయి. బస్సులో నా పక్కన కూర్చున్న కానిస్టేబుల్ ఇప్పుడు నిండు యూనిఫారంలో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చూపు దించుకున్నాడు.

తెడ్లు ఎవరివో తేలితే గుంపు చేతిలో ఆయుధాలున్నాయో లేదో తేలుతుంది, అవి ఉన్నట్టయితే పోలీసులు చేసింది తప్పనలేమని అధికారి అందరికీ ముందే చెప్పాడు. ఆర్ముగం వంతు ముందొచ్చింది. తెడ్డు నాది కాదన్నాడు. పేరు నీదే కదా అంటే, అలాంటి పేరు ఊళ్ళో ఇంకొకరికి కూడా ఉందన్నాడు. వేలిముద్ర వేసి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి పోయాడు.

తర్వాత కావేరమ్మ. నా కాగితం గుమాస్తాకి ఇచ్చాను. అతను చదివి, మంచి మనసుతోనే, ఆవిడకి దారి చూపించాడు. ఆస్పత్రిలో ఉన్నట్టు రుజువైంది, ఈ తెడ్డు మీది కాదని ఒక్క మాటంటే వెళ్ళిపోవచ్చన్నాడు. నేను వెనకనుంచి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా తట్టాను.

కావేరమ్మ నల్లకళ్ళజోడు తీసి, కట్టల దగ్గరికి పోయి, వంగి, పేరు వెతుక్కుని ఒక తెడ్డు చూపించింది.

"ఇది నాదే సార్. నేను రాలేదు గాబట్టే ఇది వచ్చింది."

గుమాస్తా కలం ఆగింది. అర్థమయ్యేటట్టు చెప్పమన్నాడు అధికారి. కావేరమ్మ కూటం సంగతి, తెడ్డు సంగతి మొత్తం చెప్పింది. అధికారి తెడ్ల వైపు చూసి, ఇవన్నీ రానివాళ్ళవా అని అడిగాడు.

"అవును సార్. పట్టుకునే చెయ్యి ఆడ ఉంటే తెడ్డు ఎందుకు తెస్తాం? మా ఆయన సముద్రంలో పోయినాక పెద్దలు దాని మీద ఆయన పేరు చెరిపి నా పేరు రాయించినారు. ఊళ్ళో నాకు ఇల్లుండాదనేదానికి అదే గుర్తు. నాది కాదని యాడ చెప్పేది?"

నాకు సిగ్గేసింది. వీపు మీంచి చెయ్యి తీసేశాను. చెక్క ముక్క అన్నాను నేను. ఆవిడ అది విని కూడా దారిపొడుగునా ఒక్క మాట అనలేదు.

ఆవిడ చెప్పిందంతా అధికారి మొదటినుంచీ తనే చెబుతూ రాయించాడు. సీజు చేసిన రోజు తీసిన ఫోటోలు తెప్పించి చూశాడు. వాటిలో తెడ్లన్నీ నేలమీద వరసగా పడుకుని ఉన్నాయి. తెడ్డు తిరిగివ్వమని కావేరమ్మ అడిగింది. అది కోర్టు చేతిలో ఉంది, తన చేతిలో లేదన్నాడు. తెడ్డు నీదేనన్నావు గనక కేసులో పేరు కూడా ఇప్పటికి ఉంటుంది, నీ కాగితం కోర్టుకి చూపించుకోవాలి అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఇబ్బంది పడ్డాడు. తలుపు దాటుతుంటే కానిస్టేబుల్ పక్కకి జరిగి, "పదండమ్మా, మెట్టు ఉండాది, చూసుకోండి" అని చెయ్యి అందించాడు. కావేరమ్మ ఆ చెయ్యి పట్టుకునే దిగింది.

ఒంటిగంటకు ముత్తుకూరులో చేపలపులుసుతో భోజనం చేశాం. పులుసు బాగుంది, పులుపు కాస్త ఎక్కువ. తప్పుగా చెప్పానక్కా, మనసులో పెట్టుకోవద్దు అన్నాను. నాకు మేలు కోరే చెప్పావులే అని ఇంకొక చేపముక్క నా విస్తట్లో వేసింది. కంటి చుక్కలు మానొద్దని ఇంకోసారి చెప్పి ఆవిడని పాలెం ఆటో ఎక్కించాను.

రెండున్నరకు నెల్లూరు బస్సెక్కితే ఆర్ముగం అందులోనే కూర్చుని ఉన్నాడు. ఇంజను సామాను కొనడానికి నెల్లూరు పోతున్నాడట. భోజనం చేసినట్టు లేడు. కావేరమ్మ ఏం చెప్పిందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. రొయ్యల గుంటలు దాటాక నా వైపు తిరిగాడు.

"సిస్టరమ్మా, నేను చెప్పింది నిజమైతే ఆ తెడ్డు ఎవరో కొట్టేదానికి తెచ్చిన కర్రే అవుతాది, మా చెల్లెలు కర్రలోళ్ళ గుంపులో కూర్చున్నట్టే గదా?"

అవునన్నాను. పొద్దున నేను చెప్పిన సలహా కూడా తప్పేనన్నాను. రాయించింది మార్చుకోవచ్చా అని అడిగాడు. విచారణ అయిదింటిదాకా ఉందని మాత్రం చెప్పాను. ఈసారి సలహా ఇవ్వడానికి నోరు రాలేదు. అతను లేచి కండక్టరుని బస్సాపమన్నాడు. స్టాపు కాదని కండక్టరు కసురుకుంటే, తిరిగి పోవాలన్నా, ఆపన్నా అని బతిమాలాడు. దిగి, రోడ్డు దాటి, ముత్తుకూరు వైపు పోయే బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే కనిపించాడు.

నాలుగున్నరకు నెల్లూరులో గూడూరు రైలెక్కాను. ఇటు పోదలచుకున్నవాళ్ళకి చెప్పాల్సింది పెద్దగా లేదు. ఒక్కరోజులో పోయి రావచ్చు, పాలెం తర్వాత టీ కొట్లు లేవు, నీళ్ళు తీసుకుపొండి. గేటు ఇంకా మూసే ఉంది. విచారణలో ఏం తేలుతుందో నాకు తెలియదు. నలుగురు కూర్చుని తమ దారి తమకి ఇమ్మని అడుగుతుంటే, లాఠీ ఎత్తేముందు వాళ్ళ దగ్గర ఏముందో చూసి, అది ఏమిటో వాళ్ళనే అడగాలనేది మాత్రం నాకు గట్టిగా తెలిసింది. ఆ అడగడం నాకూ రాలేదని కూడా తెలిసింది.

మనుబోలు దగ్గర కావేరమ్మ ఫోన్ చేసింది. ఆర్ముగం తిరిగొచ్చి తెడ్డు తనదేనని రాయించాడట. అతన్ని చూసి ఇంకో ఇద్దరు కూడా రాయించారట. సంతోషంగానే ఉంది గొంతు. కోర్టు వాయిదా వస్తే ఒంట్లో బాగాలేదని ఇంట్లో కూర్చోవద్దు, నేనూ తోడొస్తాను అన్నాను.

"ఇంట్లో యాడ కూచుంటా సిస్టరమ్మా, నేనే రావాల. పంపేదానికి తెడ్డు లేదు గదా."