వెనక చక్రాలకు డిస్కులు

మా జీపు వెనక చక్రాలు రోజూ పొద్దున్నే సముద్రంలో దిగుతాయి. మా దీవిలో వండూర్ వైపు మేము చేపలు కొనే ఒడ్డున జెట్టీ లేదు. డోంగీల్లోంచి, అంటే చిన్న పడవల్లోంచి, పెట్టెలు ఎక్కించుకోవాలంటే బండిని రివర్స్‌లో నీళ్లలోకి దింపాల్సిందే. తర్వాత నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ వీల్ వేసి, ఇసుకలోంచి పైకి లాగి, ఊళ్లో అబర్డీన్ బజార్‌కీ అక్కడినుంచి హోటళ్లకీ వెళ్తాను. ఇది మా మామగారు మొదలుపెట్టిన వ్యాపారం. మోకాలు అరిగి ఆయన స్టీరింగ్ వదిలేశాక నేను పట్టుకున్నాను. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేస్తారు కాబట్టి ఇంట్లో ఉండేది తక్కువ.

జీపు చాలా పాతది. వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉండేవి. డ్రమ్ అంటే చక్రం వెనక బోర్లించిన ఇనప గిన్నెలాంటిది. పెడల్ తొక్కితే లోపలి షూలు విచ్చుకుని ఆ గిన్నె గోడను ఒత్తుతాయి, చక్రం ఆగుతుంది. అందులోకి ఒకసారి ఉప్పునీరూ ఇసుకా చేరాయంటే ఓ పట్టాన బయటికి రావు. అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక మామగారు పీట వేసుకుని చక్రం పక్కన కూర్చునేవారు. డ్రమ్ ఊడదీసి, ఇసుక దులిపి, షూలను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించేవారు. కూర్చుంటే లేవడం కష్టమైన రోజుల్లో కూడా ఆ పని ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఒక వానాకాలం పొద్దున, నిండు బండితో వాలు దిగుతున్నాను. ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేక్ తొక్కితే వెనక రెండు చక్రాల్లో ఒకటే పట్టింది. బండి పక్కకి గుంజుకుపోయి, రోడ్డు వారన ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోయించిన ఇసుక కుప్పలోకి దూరి ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు. పెట్టెలు బోర్లాపడి సూర చేపలన్నీ రోడ్డు మీదికి జారాయి. ఆటో అతనూ నేనూ కలిసి ఏరుకున్నాం.

ఇంటికొచ్చి మామగారికి చెప్పాను.

"నీళ్లలోంచి తీసేక బ్రేకు నొక్కుకుంటా రావాలని చెప్పేను కదమ్మా. ఆరిపోద్ది," అన్నారు.

"నొక్కుకుంటూనే వచ్చాను మావయ్యా. ఒక పక్క లోపల తుప్పు పట్టేసింది. అది కదల్లేదు."

ఆయన ఆ సాయంత్రమే డ్రమ్ విప్పి చూశారు. షూలను తోసే చిన్న సిలిండర్ బిగుసుకుపోయి ఉంది. అంతకుముందు ఏడాది కూడా దాన్నే మార్చాం.

గోల్ ఘర్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. మలయాళీ అయినా మాతో హిందీ కలిపిన తెలుగే మాట్లాడతాడు. "దీదీ, డ్రమ్ములు తీసేద్దాం. డిస్క్ పెడదాం," అన్నాడు. "డిస్క్ అయితే బాహర్ గాలికి ఉంటది కదా. చక్రం తిరిగితే నీళ్లు వాటంతటవే ఎగిరిపోతాయ్." పళ్లెంలాంటి డిస్కునీ, దాన్ని రెండు పక్కలనుంచీ పట్టుకునే కాలిపర్‌నీ చూపించాడు. మా జీపుకి అవి నేరుగా కూర్చోవు. మధ్యలో మందపాటి ఇనప పలక కోయించి బిగించాలి.

మామగారికి ఇది నచ్చలేదు. నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ ఒకే ఒక మాట అడిగారు.

"హ్యాండ్ బ్రేక్ ఏటవుద్ది?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. హ్యాండ్ బ్రేక్ తీగ పట్టి లాగేది ఆ డ్రమ్ముల్లోని షూలనే. డ్రమ్ములు తీసేస్తే అదీ పోతుంది. మా ఇల్లు డిగ్నాబాద్‌లో ఏటవాలు మీద ఉంది. హ్యాండ్ బ్రేక్ లేని బండిని గుమ్మం ముందు నిలపలేం. మెకానిక్‌ని అడిగితే తల గోక్కుని, హ్యాండ్ బ్రేక్ మీట కూడా ఉన్న కాలిపర్లు చెన్నై నుంచి తెప్పించాలన్నాడు. సరే, తెప్పించమన్నాను. సముద్రం బాగోలేక ఓడ ఆలస్యమైంది. అప్పటిదాకా వాలు దగ్గర గేరు తగ్గించుకుని, ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిపాను.

సామాను వచ్చాక మెకానిక్ మా ఇంటికే వచ్చి పనికి దిగాడు. మామగారు బయటికి రాలేదు. లోపల టీవీ పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి డిస్కులూ కాలిపర్లూ ఎక్కాయి. ఇంతలో ఎవరో టూరిస్టుల బండి దారిలో ఆగిపోయిందని అతనికి ఫోన్ వచ్చింది. "పైపుల్లో గాలి తీయాలి, హ్యాండ్ బ్రేక్ తీగ తగిలించాలి. అంతే దీదీ. కల్ సుబహ్ వచ్చేస్తా," అని వెళ్లిపోయాడు.

కల్ సుబహ్, అంటే మర్నాడు పొద్దున, నేను ఒడ్డున ఉండాలి. బ్రేక్ ఆయిల్‌లో గాలి తీయడం నేను చూసిన పనే, కానీ దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర గాలి వదిలే చిన్న నిపుల్ విప్పి మూయాలి. గుమ్మం దగ్గరికెళ్లి పిలిచాను.

"మావయ్యా, కొంచెం పెడల్ తొక్కుతారా?"

టీవీ ఆగింది. ఆయన గోడ పట్టుకుని వచ్చి, డ్రైవర్ సీటులోకి ఎక్కారు. ఎన్నాళ్లకో ఎక్కారు. నేను ఎడమ వెనక చక్రం కింద పడుకున్నాను.

"తొక్కండి."

"తొక్కేను."

"అలాగే పట్టుకోండి."

నిపుల్ విప్పితే సన్నటి గొట్టంలోంచి ఆయిల్ వచ్చింది, బుడగలు వచ్చాయి. మూశాను. మళ్లీ తొక్కమన్నాను. రెండు చక్రాలకూ ఎన్నిసార్లు చేసినా ఆయన ఒకటే మాట.

"మెత్తగానే ఉందమ్మా. స్పాంజిలాగ."

డబ్బాలో ఆయిల్ సగం అయిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అప్పుడాయన పైనుంచి అడిగారు.

"ఆ నిపుల్ ఎటేపుందే?"

"కింద."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది. గాలి పైకి పోతుంది. నిపుల్ కింద ఉంటే గాలి కాలిపర్‌లో పైనే ఉండిపోతుంది, ఆయిల్ మాత్రం కారిపోతుంది. తొందరలో మెకానిక్ ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించేశాడు.

"విప్పీ. మార్చీద్దాం," అంటూ ఆయన అప్పటికే సీటు దిగుతున్నారు. పీట తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. స్పానర్ తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నారు. "డ్రమ్ములు మంచివని కాదమ్మా. అవి విప్పడం నాకొచ్చు. ఇది రాదు."

"నాకూ రాదు మావయ్యా."

ఆయన ముక్కుతో నవ్వారు. కాలిపర్లు మార్చాం, తీగ తగిలించాం. మళ్లీ మొదటినుంచి తొక్కడం, పట్టుకోవడం. ఈసారి బుడగలు బుసబుసా వచ్చి ఆగిపోయాయి. పెడల్ రాయిలా గట్టిపడింది. వెలుతురుండగానే మా సందులో పైకీ కిందికీ నడిపి చూశాను. వాలు మధ్యలో హ్యాండ్ బ్రేక్ వేసి దిగితే బండి కదల్లేదు. మర్నాడు మెకానిక్ వచ్చి, సంగతి విని నుదురు కొట్టుకున్నాడు. ప్రతి బోల్టూ మళ్లీ బిగించి చూసి వెళ్లాడు.

అలాగని డిస్కులకు ఉప్పునీళ్లు సరిపడతాయని కాదు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి. ఆ వానాకాలం పోయేసరికి హ్యాండ్ బ్రేక్ మీట ఒకటి బిగుసుకుంది కూడా. దాన్ని విప్పి గ్రీజు పెట్టడం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. కానీ తడి చక్రాలతో వాలు దిగేటప్పుడు ఇప్పుడు బండి పక్కకి గుంజడం లేదు.

మా ఆయన ఓడ దిగి సెలవుకొచ్చినప్పుడు, చూద్దామని తనే నడిపారు. పక్కన మామగారు, వెనక నేను. పాత అలవాటు కొద్దీ బలమంతా పెట్టి బ్రేక్ తొక్కారు. జీపు ఉన్నచోటే ఆగింది. ఆయన ఛాతీ స్టీరింగ్‌కి తగిలింది, నా చేతిలో టిఫిన్ డబ్బా ముందుకి ఎగిరింది.

"మెల్లగా తొక్కరా! ముట్టుకుంటే చాలు," అని అరిచారు మామగారు. ఆయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మా ఆయన దిగి, వెనక్కొచ్చి, నన్ను ముందుకి వెళ్లమన్నారు. డబ్బా మూత వెతుక్కుని పెట్టి, వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.